తుర్క్‌మెన్లలో షమన్ పద్ధతులు ఇంకా ఉన్నాయా?

"తుర్క్‌మెన్లంతా ముస్లింలే కదా, వాళ్లలో షమన్ పద్ధతులు ఎలా మిగిలాయి?" అని అడిగారు. షమన్ అంటే పూనకంలో ఆత్మలను పిలిచి రోగం కుదిర్చే మాంత్రికుడు. మధ్య ఆసియా జాతి అయిన తుర్క్‌మెన్లలో ఆ పద్ధతులు మిగిలాయి, కానీ వేరే మతంగా కాదు. నమాజు చేసే ఇంట్లోనే ఉంటాయి, అందుకే పైనుంచి చూసేవాళ్లకు దొరకవు.

రోగం కుదిర్చే షమన్‌ను పోర్హన్ అంటారు. అతను దేవుణ్నీ తలుస్తాడు, తనకు వశమైన జిన్నులనూ పిలుస్తాడు. ఇరాన్ వైపు తుర్క్‌మెన్ సహ్రాలో పక్కన ఒకరు దుతార్ వాయించాలి. రెండే తీగల వాద్యం. వాయింపు ఊపందుకుంటేనే పోర్హన్‌కు పూనకం వస్తుంది, అప్పుడు కత్తి పట్టి రోగిలోని జిన్నును బెదిరిస్తాడు. పెళ్లిళ్లలో కాళ్లు తాటిస్తూ గుండ్రంగా ఆడే కుష్త్‌దెప్దిని చూసి అదే షమన్ తంతు అనుకోకండి. జికిర్ వలయం (గుండ్రంగా చేరి దేవుని పేరు జపించే సూఫీ పద్ధతి) నుంచి పుట్టినదే అయినా, 2017లో యునెస్కో జాబితాకెక్కిన ఆ ఆట ఇప్పుడు సంబరానిది.

అసలు బలం ఇంటి వస్తువుల్లో ఉంది. అలజా చూడండి: నలుపు, తెలుపు దారాలు కలిపి పేనిన సన్నటి తాడు. ఆ పేరులోని 'ఆలా' అంటేనే రెండు రంగులది అని. ఒక్క రంగుతో పేనితే అది ఉత్త తాడే. దిష్టి తగలకుండా పసిపిల్లల చేతికీ ఒంటె మెడకూ కడతారు.

ఇంకొకటి యూజెర్లిక్, మన యునానీ అంగళ్లలో హర్మల్ పేరుతో అమ్మే గింజ. ఎండు కట్టను గుమ్మానికి వేలాడదీస్తారు, గింజలతో పొగ వేస్తారు. నిప్పులు కణకణలాడాలి గానీ మంట ఉండకూడదు. మంటలో పడితే భగ్గున కాలిపోతాయి, పొగ రాదు. చిటపట ఎగురుతాయి కాబట్టి చిటికెడే వేయాలి, ఊయలకు దూరంగా ఉండాలి. గింజలు మింగితే విషం. గర్భిణులు అసలు తీసుకోకూడదు, మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లకూ ప్రమాదమే.

చూడదలిస్తే తుర్క్‌మెనిస్తాన్‌లోని సెర్దార్ (గిజిలార్‌బాత్ అనీ అంటారు) పట్నానికి పడమరన పరావ్ బీబీ దర్గాకు వెళ్లండి. శత్రువులకు చిక్కకుండా కొండే ఆ బీబీని తనలో దాచుకుందని చెబుతారు. సంతానం కోరే ఆడవాళ్లు గుడ్డతో చేసిన చిట్టి ఊయలలు అక్కడ పెట్టిపోతారు. వాటిని తాకకండి, జ్ఞాపకంగా తెచ్చుకోకండి. అవి ఇంకా తీరని మొక్కులు.