బాక్టీరియాతో పోరులో కెమిస్ట్‌కి పనేముంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మందులకు లొంగని బాక్టీరియా మీద పీహెచ్‌డీ చేసి, యూనివర్సిటీలోనే పరిశోధన కొనసాగించాలని ఉంది. అది మైక్రోబయాలజీ వాళ్ల పని, నీకెందుకంటున్నారు. నిజంగా నాకు చోటు లేదా మేడమ్?
– ఒక విద్యార్థిని

జవాబు: ఎందుకు లేదమ్మా! బాక్టీరియా మందు నుంచి తప్పించుకునే తీరు చూస్తే అందులో సగం కెమిస్ట్రీయే.

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌నే తీసుకో. 1958 నుంచి వాడుతున్న మందు. బాక్టీరియా తన గోడ కట్టుకునే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) కొసన డి-అలనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఉంటాయి. వాంకోమైసిన్ ఐదు హైడ్రోజన్ బంధాలతో ఆ కొసను పట్టేస్తుంది, గోడ పని ఆగిపోతుంది. దీనికి ఎంటెరోకాకస్ అనే బాక్టీరియా ఏం చేసిందో చూడు. చివరి అలనిన్ తీసేసి లాక్టేట్ పెట్టుకుంది. నైట్రోజన్-హైడ్రోజన్ జంట (ఎన్‌హెచ్) ఉన్నచోట ఆక్సిజన్ వచ్చింది, అంతే. ఒక హైడ్రోజన్ బంధం పోయింది. పైగా మందులోని కార్బొనిల్ ఆక్సిజన్, ఈ కొత్త ఆక్సిజన్ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పట్టు సుమారు వెయ్యి రెట్లు సడలింది.

అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో డేల్ బోగర్ బృందం సరిగ్గా ఆ కార్బొనిల్ ఆక్సిజన్ మీదే చెయ్యేసింది. దాని స్థానంలో ఎన్‌హెచ్ పెట్టి అమిడీన్‌గా మార్చింది. అది పాత కొసనూ పట్టుకుంది, కొత్త కొసనూ పట్టుకుంది. అన్ని అమైడ్ (కార్బొనిల్-ఎన్‌హెచ్) బంధాల మధ్య ఆ ఒక్కదాన్నే మార్చాలంటే అంత పెద్ద అణువునూ మొదటినుంచి కట్టుకు రావాల్సి వచ్చింది. ఆ పేపర్ ఎప్పుడు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ పని ఆర్గానిక్ కెమిస్ట్ కాక ఇంకెవరు చేస్తారు?

కష్టాలూ చెబుతాను. రోజులో ఎక్కువ భాగం కాంపౌండ్లను శుద్ధి చేసే కాలమ్ దగ్గరే గడుస్తుంది. గ్రాంట్ రాకపోతే టెన్షన్ తప్పదు. అన్నిటికన్నా బాధ పెట్టేది ఎంఐసీ ప్లేట్, అంటే బాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చూసే గుంటల పలక. ఎంజైమ్ మీద చక్కగా పనిచేసిన కాంపౌండ్‌ని ఈ.కోలై మీద వేసి, మర్నాడు ప్లేట్ వెలుగుకి ఎత్తి చూస్తే గుంటలన్నీ మసకగా ఉంటాయి. బాక్టీరియా నిక్షేపంలా పెరిగిందన్నమాట. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకి బయట మరో పొర ఉంటుంది, దాటనివ్వదు. దాటినా ఎఫ్లక్స్ పంపులు బయటికి తోసేస్తాయి. అలాంటి రోజు మా ల్యాబ్ విద్యార్థుల ముఖం చూడలేను. ఇక్కడా దారి చూపింది కెమిస్టులే. ప్రైమరీ అమైన్ (ఎన్‌హెచ్2 గుంపు) ఉండి, బల్లపరుపుగా, అటూ ఇటూ పెద్దగా వంగని అణువులు ఈ.కోలైలోకి బాగా చేరతాయని 2017లో పాల్ హెర్గెన్‌రోథర్ బృందం చూపించింది. మా ల్యాబ్‌లో ఇప్పుడు కాంపౌండ్ గీసేటప్పుడే అమైన్ ఎక్కడ పెట్టాలని వాదించుకుంటాం.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పది కాంపౌండ్లు చేసి, అగార్ ప్లేట్ మీద బాక్టీరియా పెరగని జోన్ కొలిచి పేపర్ వేసేసే పద్ధతి నాకు నచ్చదు. మనిషి కణాలకు ఆ కాంపౌండ్ విషమో కాదో కూడా చూడకుండా దాన్ని మందు అనకూడదు. అందుకే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో గైడ్‌ని మొహమాటపడకుండా అడుగు: 'మన కాంపౌండ్లను పరీక్షించేది ఎవరు? రెసిస్టెంట్ (మందులకు లొంగని) స్ట్రెయిన్ల మీద కూడా చూస్తారా? వాళ్ల ల్యాబ్‌లో నేను కొన్నాళ్లు కూర్చుని నేర్చుకోవచ్చా?' మూడింటికీ సూటిగా జవాబు చెప్పే చోట చేరు.