అమెరికా నేవీలో చేరాలంటే ముందే ఈత వచ్చి ఉండాలా?

అవసరం లేదు. ఇలినాయ్‌లోని గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రంలో రానివాళ్లకు విడిగా నేర్పుతారు. అయితే లోతు నీటిలోకి దూకడం, 50 గజాలు ఈదడం, ఐదు నిమిషాలు బోర్లా తేలడం తప్పనిసరి.

మాజీ నావికులు ముచ్చటగా చెప్పుకునేది ప్యాంటు విద్య. నీటిలోనే ప్యాంటు విప్పి, కాళ్ల చివర్లు ముడివేసి, నడుము వైపు నుంచి గాలి నింపి మెడకు తగిలించుకోవాలి. తడిసిన బట్ట గాలిని త్వరగా వదలదు కాబట్టి అదే తాత్కాలిక లైఫ్ జాకెట్. గాలి తగ్గినప్పుడల్లా మళ్లీ నింపుకోవాలి. వినడానికి సర్కస్‌లా ఉన్నా, ఇది ఉత్తుత్తి విన్యాసం కాదు. అక్కడి ఈతకొలనుకు పెట్టిన పేరే అందుకు సాక్ష్యం: యూఎస్ఎస్ ఇండియానాపొలిస్. 1945 జులై 30న ఆ నౌక మునిగినప్పుడు సుమారు 900 మంది సముద్రంలో పడ్డారు. బతికి బయటపడింది 316 మందే.