అమ్మ పొలం తగాదాలో మీ అబ్బాయిని నలపకండి

కావలి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరంలో కొంత ఇది: "నా భార్య మా సొంత మేనమామ కూతురు. ఏడాదిన్నరగా ఒంగోలులో పుట్టింట్లోనే ఉంది. విడాకుల కేసు నడుస్తోంది. అమ్మకు రావాల్సిన పొలం వాటా ఇవ్వకుండా మామ దాన్ని రొయ్యల గుంటలకు లీజుకిచ్చాడు, గొడవ అక్కడ మొదలైంది. బాబుకు ఏడేళ్లు. అయిదు దాటాయి కాబట్టి నాకే ఇస్తారట కదా? డబ్బులు పంపడం ఆపేస్తే వాళ్లే దారికొస్తారని అమ్మ అంటోంది. ఆపేయమంటారా? వాడు ఈ మధ్య నాతో సరిగా మాట్లాడటం లేదు."

డబ్బు ఆపొద్దు. కోర్టు భరణం వేశాక కట్టకపోతే బకాయి పేరుకుపోయి వారంటు దాకా వెళ్తుంది. ఇంకా వేయకపోయినా, వాడి స్కూలు ఫీజు, అన్నం మీ బాధ్యతే. దాన్ని బేరానికి పెట్టే తండ్రంటే నాకు గౌరవం లేదు.

అయిదేళ్ల మాటకొస్తే, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఉన్నది అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని. అయిదు నిండగానే తండ్రికి అప్పగించాలని ఎక్కడా లేదు. జడ్జి చూసేది బిడ్డ క్షేమం. కాస్త ఊహ తెలిసిన పిల్లాడైతే వాడినే పిలిచి మాట్లాడొచ్చు కూడా. వాడు మీతోనే మాట్లాడకపోతే జడ్జి ముందు మీ గురించి ఏం చెబుతాడు?

నాలుగు పేజీల మీ ఉత్తరంలో మీ భార్య గురించి ఉన్నవి మూడు వాక్యాలు. వాటిలోనూ ఒకటి "మంచిదే" అని. మిగతాదంతా పొలం, మామ, అమ్మ కన్నీళ్లు. ఇది మీ విడాకులు కాదండీ, మీ అమ్మకూ ఆమె అన్నకూ మధ్య తెగని పంచాయితీ. మేనరికాల్లో ఇది నేను చాలాసార్లు చూశాను. తోబుట్టువులు తమ పాత బాకీని పిల్లల కాపురంలో వసూలు చేసుకుంటారు. మీరు అమ్మకు ఎదురు చెప్పలేక భార్యను వదులుకుంటున్నారు. ఇప్పుడు కొడుకూ దూరమవుతున్నాడు.

మీ అమ్మ బాధ అబద్ధమని నేను అనను. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత, పంచుకోని పూర్వీకుల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆమెను ఒక లాయరు దగ్గరకు తీసుకెళ్లండి, కాగితాలు చూపించండి. ఆ దావా ఆమె పేరున ఆమె వేసుకోవాలి.

బాబును కలిసినప్పుడు "తాత ఏమంటున్నాడు, అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడుతోంది" అని అడుగుతున్నట్టు మీరే రాశారు. మీరు ఫోన్ చేస్తే మీ అమ్మ అందుకుని "మీ తాత నా గొంతు కోశాడు రా" అని ఏడుస్తుందనీ రాశారు. వాడు రాత్రి పడుకునేది ఆ తాత పక్కనే. ఏడేళ్ల పిల్లాడు ఎవరి వైపు ఉండాలి? వాడికి టెన్షన్, అందుకే నోరు మెదపడు. మీ మీద కోపం అనుకోకండి.

విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, బాబును కలవడానికి ఏర్పాటు చేయమని మధ్యంతర అర్జీ వేయండి. సెలవుల్లో కొన్ని రోజులు మీ దగ్గర ఉంచమని కూడా అడగొచ్చు. బిడ్డ ఎవరి దగ్గరున్నా రెండోవాళ్లకు రోజూ అయిదు పది నిమిషాలు ఫోన్లో మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుకు అది గుర్తు చేయండి. మధ్యవర్తిత్వానికి పంపితే మీరిద్దరే వెళ్లండి. అమ్మ, మామ బయట కూడా కూర్చోకూడదు.

అమ్మతో ఈ రాత్రే చెప్పండి: "నా కొడుకు ముందు మామ పేరెత్తొద్దమ్మా." ఏడుస్తుంది, అన్నం మానేస్తుంది. పక్కనే కూర్చోండి, మాట మాత్రం మార్చకండి. ఈసారి ఆదివారం ఒక్కరే రైలెక్కండి. బాబును కొత్తపట్నం సముద్రం దగ్గరకు తీసుకెళ్లండి. ఇంటి సంగతులు ఒక్కటీ అడగొద్దు. వాడు ఏం మాట్లాడకపోయినా సరే, సాయంత్రం చెప్పిన టైముకు వాళ్లమ్మ చేతికి అప్పగించి రండి.