కొత్త కెర్నెల్ పడ్డాక లోగో దగ్గరే ఆగిపోతే ఫార్మాట్ కొట్టించాలా?

వద్దండి, ఆ పని మాత్రం చేయకండి. రాత్రి హాస్టల్లో ఉబుంటు 22.04 (లినక్స్ రకం ఓఎస్) అప్‌డేట్ పెట్టి పడుకున్నారు, పొద్దున చూస్తే లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, అమీర్‌పేటలో షాపతను "ఓఎస్ పోయింది" అన్నాడు. ఇంతే కదా మీ గోల? ఓఎస్ ఎక్కడికీ పోలేదు. కెర్నెల్ అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, ఉబుంటు కొత్తది వేసేటప్పుడు పాతదాన్ని వెంటనే పీకెయ్యదు, పక్కనే ఉంచుతుంది.

ముందు ఆ పాతదాంతో లేపండి. ఆన్ చేసి, కంపెనీ లోగో కనబడగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. ఒక్కసారే. కంగారులో టకటకా కొడితే మెనూ దాటిపోయి నల్లతెర మీద గ్రబ్ (ఆ మెనూ చూపించి ఓఎస్‌ని లేపే ప్రోగ్రాం) ప్రాంప్ట్ వచ్చి కూర్చుంటుంది. నాకు రెండుసార్లు అయింది, మళ్లీ ఆపి ఆన్ చేయడమే. పాత బయాస్ మెషీనయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కెర్నెళ్ల వరస కనబడుతుంది. పైనున్నది కొత్తది, దాని కింద దాని రికవరీ మోడ్ ఉంటుంది, ఆ రెండూ వదిలేసి తక్కువ నంబరున్న పాత కెర్నెల్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చిందా, సగం గండం గడిచినట్టే. ముఖ్యమైన ఫైళ్లు అప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి లాగేసుకోండి.

నాకు జరిగింది చెబుతాను. మీది అదే కాకపోవచ్చు, కానీ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలాగో తెలుస్తుంది. కూకట్‌పల్లి రూములో, తొమ్మిదిన్నరకి ఆఫీసు కాల్ ఉన్న రోజు. నా డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది కాబట్టి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడగాలి. ఆ రోజు అడగలేదు. నల్లతెర, నాలుగు లైన్లు, క్యాప్స్ లాక్ లైటు మాత్రం మినుకు మినుకుమంటోంది. ఆ లైటు అలా కొట్టుకుంటోందంటే కెర్నెల్ ప్యానిక్ అయినట్టు, అంటే ఇక ముందుకు కదలలేక చేతులెత్తేసినట్టు. చివర్లో రూట్ ఫైల్‌సిస్టమ్ (ఓఎస్ ఫైళ్లుండే చోటు) మౌంట్ చేయలేకపోయానని, అంటే తెరవలేకపోయానని ఉంది.

పాత కెర్నెల్‌తో లేపి లాగ్ చూశాను. (కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషులోనే.) దీనికి ముందు సెషన్ లాగ్ కోసం జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ 1 కొడితే నిన్న రాత్రి బాగా నడిచిన సెషన్ వచ్చింది, పొద్దున ఆగిపోయినదాని జాడే లేదు. గంటసేపు తల గోక్కున్నాక వెలిగింది: డిస్కే తెరుచుకోకపోతే లాగ్ ఎక్కడ రాస్తుంది పాపం! జాడ లేకపోవడమే ఆధారం. డిస్క్ తెరవడానికి కావాల్సిన సరంజామా కూడా డిస్కులోనే ఉంటుంది కదా, అందుకే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని చిన్న మూట విడిగా ఉంటుంది. ఊరెళ్తూ పక్కింట్లో ఇచ్చే రెండో తాళంచెవి లాంటిది. నాకు పాస్‌వర్డ్ అడగాల్సింది కూడా అదే. బూట్ ఫోల్డర్‌లో చూస్తే కొత్త కెర్నెల్ ఫైలుంది, దాని ఇనిట్‌ఆర్‌డీ ఫైలు, అంటే ఆ మూట, లేదు. జాగా ఎంతుందో చూద్దామని డీఎఫ్ హైఫన్ హెచ్ కొడితే బూట్ పార్టిషన్ 100 శాతం నిండి ఉంది. రాత్రి టెర్మినల్లో జాగా లేదని ఎర్రర్ వచ్చే ఉంటుంది, నేను చదవకుండా మూసేశాను. పేర్లు చూసుకుంటూ పాత కెర్నెళ్లు రెండు తీసేసి (యూనేమ్ హైఫన్ ఆర్ ఇప్పుడు నడుస్తున్నది ఏదో చెబుతుంది, దాని జోలికి పోకూడదు), డీపీకేజీ హైఫన్ హైఫన్ కన్ఫిగర్ హైఫన్ ఏ సుడోతో (అడ్మిన్ హక్కుతో) కొట్టాను. ఆగిన పని పూర్తయింది. కాల్ మాత్రం మిస్సయింది.

మీ తెర మీద చుక్కలు తిరుగుతున్నాయంటే ఆ స్టేజీ దాటేశారు, నా అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీద. గ్రబ్‌లో కొత్త కెర్నెల్ మీద నిలబడి ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కండి, లినక్స్ అని మొదలయ్యే లైన్లో క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు చెరిపి ఎఫ్10 కొట్టండి. ఇది ఆ ఒక్కసారికే, పాడయ్యేదేమీ లేదు. ఇప్పుడు చుక్కల బదులు లైన్లు పరుగెడతాయి. ఎక్కడ ఆగిందో ఫొటో తీయండి. స్టార్ట్ జాబ్ నడుస్తోందని, పక్కన సెకన్లు లెక్క కనబడుతుంటే అది హ్యాంగ్ కాదు, ఒకటిన్నర నిమిషం ఓపిక పట్టండి. అది ఎక్కువగా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డ్రైవ్‌లు తెరవాలో రాసి ఉండే ఫైలు) పేరుండి, మెషీన్‌లో దొరకని డ్రైవ్ కోసం చూసే ఎదురుచూపు.

తర్వాత అదే చోట నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తెర సర్దే పని నుంచి పక్కన పెట్టమనే మాట) అని చేర్చి చూడండి. లేచిందంటే అనుమానం గట్టిదే. అప్పుడు డీకేఎంఎస్ స్టేటస్ కొట్టండి. డీకేఎంఎస్ అంటే ప్రతి కెర్నెల్‌కీ సరిపడా డ్రైవర్ ముక్క (మాడ్యూల్) తయారుచేసిపెట్టేది. ఎన్‌విడియా పక్కన పాత కెర్నెల్ నంబరే ఉండి కొత్తది లేకపోతే, కొత్తదానికి మాడ్యూల్ తయారవలేదన్నమాట. చాలాసార్లు హెడర్స్ ప్యాకేజీ (మాడ్యూల్ తయారీకి కావాల్సిన కెర్నెల్ ఫైళ్లు) పడకపోవడమే కారణం. ఆ నంబరుకి సరిపడా హెడర్స్ వేస్తే మాడ్యూల్ దానంతటదే తయారవుతుంది. అసలు ఏమీ చూపించకపోతే సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ కొట్టండి. ఎన్‌విడియా సైటు నుంచి రన్ ఫైలు దించి వేసే పని మాత్రం పెట్టుకోకండి, కెర్నెల్ మారినప్పుడల్లా ఇదే తంతు.

సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ఫొటోతో పాటు అది కూడా చెప్పండి, డీకేఎంఎస్ స్టేటస్‌లో ఏం వచ్చిందో కూడా. రాత్రి పది తర్వాత నేను చూస్తాను.