శిక్షణ రిజిస్టరు స్థానంలో సాఫ్ట్‌వేర్

ప్రశ్న: కర్నూలు సమీపంలో మాత్రలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమలో, క్వాలిటీ అష్యూరెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎస్‌ఓపీ (ఒక పనిని ఏ పద్ధతిలో చేయాలో తెలిపే పత్రం) మారినప్పుడల్లా కార్మికులకు చదివి వినిపించి రిజిస్టరులో సంతకాలు తీసుకుంటున్నాము. మూడు షిఫ్టుల వారినీ ఒకచోట చేర్చడం కష్టంగా ఉన్నందున శిక్షణ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలని యాజమాన్యం ఆలోచిస్తోంది. తనిఖీ అధికారులు దీనికి ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఒప్పుకుంటారు; అయితే ‘శిక్షణ మొత్తాన్ని’ అన్న మాట దగ్గరే మీ యాజమాన్యం ఒకసారి ఆగి ఆలోచించాలి. 2023 డిసెంబరులో నోటిఫై అయిన సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీకి మన దేశంలో వర్తించే నాణ్యతా నియమాలు) సిబ్బంది శిక్షణతో పాటు కంప్యూటర్ వ్యవస్థల వాలిడేషన్‌ను, అంటే అవి ఉద్దేశించినట్లే పనిచేస్తున్నాయని పరీక్షించి నిరూపించడాన్ని కూడా కోరుతోంది. మీ మందులు అమెరికాకు ఎగుమతి అవుతుంటే, ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల గురించి 1997లో వచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నిబంధన కూడా వర్తిస్తుంది. దాని ప్రకారం ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మరొకరు వాడకూడదు. సంతకం చేసినవారి పేరు, తేదీ, సమయం, ఏ ఉద్దేశంతో చేశారన్నది రికార్డులో కనిపించాలి. షిఫ్టు సూపర్‌వైజరు ఒకే పాస్‌వర్డ్‌తో పదిమంది తరఫున బటన్ నొక్కే పద్ధతి మొదలైతే, దానికన్నా మీ పాత రిజిస్టరే నయం.

సాఫ్ట్‌వేర్ బాగా చేసే పని వేరే ఉంది. సవరించిన ఎస్‌ఓపీకి ఆమోదం లభించిన వెంటనే, అది ఎవరెవరి పనికి సంబంధించినదో చూసి, అమలు తేదీకి ముందే వారికి శిక్షణను కేటాయిస్తుంది, గడువు దాటిన వారి పేర్లను మీకు చూపిస్తుంది. నిన్నటివరకు సెలవులో ఉండి ఈ రాత్రి షిఫ్టుకు వచ్చిన గ్రాన్యులేషన్ (మాత్రల పొడిని గుళికలుగా మార్చే దశ) ఆపరేటరు పాత పద్ధతిలోనే పని మొదలుపెట్టే ప్రమాదాన్ని అలా ముందే పసిగట్టవచ్చు. ఇందుకు ఏ ఉద్యోగానికి ఏ ఎస్‌ఓపీలు అవసరమో తెలిపే మ్యాట్రిక్స్ సరిగ్గా ఉండాలి. అందరికీ అన్నీ కేటాయిస్తే ఎవరూ ఏదీ చదవరు, ఇది చాలాచోట్ల జరుగుతున్నదే.

ఇరవై పేజీల పత్రాన్ని తెరిచిన నిమిషంలోనే ‘చదివి అర్థం చేసుకున్నాను’ అని నొక్కినట్లు ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ దానంతటదే రాసుకునే చిట్టాలో) ఉంటే, తనిఖీ అధికారి వేసే తొలి ప్రశ్నకే సమాధానం దొరకదు. కాబట్టి ముఖ్యమైన అంశాలపై తెలుగులో చిన్న పరీక్ష పెట్టండి. బ్యాలెన్సును ప్రామాణిక తూకపు రాళ్లతో సరిచూడటం, స్వచ్ఛమైన గదిలోకి వెళ్లేముందు గౌను నేలకు తగలకుండా తొడుక్కోవడం వంటివి మాత్రం తెర మీద నేర్పలేరు. వాటిని అనుభవజ్ఞుడైన శిక్షకుడు దగ్గరుండి చేయించి, సరిగ్గా చేశారని నిర్ధారించిన తరువాతే ఆ ఫలితాన్ని తన లాగిన్‌తో నమోదు చేయాలి.

ముందుగా ఒక్క ప్యాకింగ్ విభాగంలో ప్రారంభించండి. వాలిడేషన్ పూర్తయి క్వాలిటీ అధిపతి ఆమోదించేవరకు రిజిస్టరునే అధికారిక రికార్డుగా కొనసాగించండి. ఆ తరువాత కూడా పాత రిజిస్టర్లను మీరు రికార్డులను భద్రపరచాల్సిన గడువు ముగిసేదాకా తీసివేయవద్దు.