నాన్న నాటించిన టేకు, అమ్మాయి పెళ్లి: ఏది కొట్టాలి, ఏది ఉంచాలి?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి ఈ మధ్యే రిటైరయ్యాను, విజయవాడలో ఉంటాను. నందిగామ దగ్గర నాన్న స్వార్జితంతో కొన్న ఎనిమిదెకరాల నల్లరేగడి ఉంది. అయిదెకరాల్లో సుబాబుల్, మూడెకరాల్లో టేకు. టేకు 2004లో నాటించారు. నాన్న, అమ్మ ఇద్దరూ లేరు. వీలునామా లేదు, భూమి పాస్‌బుక్ ఇంకా నాన్న పేరునే ఉంది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ఒక వ్యాపారి రెండు తోటలూ కలిపి గంపగుత్తగా అడుగుతున్నాడు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు టేకు జోలికి వెళ్లవద్దంటాడు. గుంటూరులో ఉన్న చెల్లెలు అంతా అమ్మి పంచమంటుంది. అమ్మి డిపాజిట్ చేసుకోవడం మంచిదా, ఉంచుకోవడం మంచిదా?

జవాబు: మీరు రాబడి గురించి అడిగారు. కానీ సొంత చెట్లున్న ఇళ్లలో గొడ్డలి ఎప్పుడు పడాలో రాబడి లెక్క తేల్చడం అరుదు. ఇంట్లో డబ్బు అవసరం ఎప్పుడు వచ్చింది, కాగితం ఎవరి పేరున ఉంది, యజమాని పొలానికి ఎంత దూరంలో ఉన్నాడు అన్నవే తేలుస్తాయి. మీ తమ్ముడు ఉంటున్న అమెరికాలో అడవుల్లో మూడో వంతుకు పైగా కుటుంబాల చేతిలోనే ఉంది. వాటిని ఎందుకు ఉంచుకున్నారని అక్కడి అటవీ శాఖ సర్వేల్లో అడిగితే, అందం, ప్రకృతి, పిల్లలకు మిగల్చాలన్న కోరిక ముందు వస్తాయి. కలప అమ్మకం బాగా వెనక ఉంటుంది. విస్తీర్ణం పెరిగే కొద్దీ నిపుణుల సలహా తీసుకునేవారూ, కలప కొట్టేవారూ ఎక్కువ. కాబట్టి మీ తమ్ముడిది వట్టి మొండితనం అనుకోకండి. అయితే తోటకు కాపలా, కలుపు, గట్ల ఖర్చు ఇన్నాళ్లూ మీరే పెడుతూ ఉంటే, ఆ లెక్క కూడా ఆయన ముందు పెట్టండి.

ముందు కాగితం సంగతి. స్వార్జిత భూమి, వీలునామా లేదు కనుక హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ముగ్గురికీ సమాన వాటా. తమ్ముడి, చెల్లెలి సంతకాలు లేకుండా మీరు ఏ వ్యాపారితోనూ బేరం కుదుర్చుకోకూడదు. వారసుల ధ్రువపత్రం తీసుకుని రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్పించండి. టేకు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, కలప తరలించాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ కావాలి. చనిపోయిన వ్యక్తి పేరున ఉన్న పాస్‌బుక్‌తో వెళితే దరఖాస్తు మొదటి బల్ల దగ్గరే ఆగుతుంది. వ్యాపారులు గంపగుత్త అడగడానికి ఇదీ ఒక కారణమే: చిక్కున్న తోట చవకగా వస్తుందని వాళ్లకు తెలుసు.

పెళ్లికి సుబాబుల్ కొట్టండి. అది కాగితం గుజ్జుకు పోయే మూడు, నాలుగేళ్ల పంట. కొట్టిన మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. ఉంచితే పెరిగేది కొంతే. వానలు మొదలైతే నల్లరేగడిలో లారీ దిగబడుతుంది, ఆ సాకుతో ధర తగ్గిస్తారు. పైగా కొన్నవారు డబ్బు అందించేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే మాఘం ముందు వచ్చే వేసవిలోనే కోత అయిపోవాలి. బేరం గంపగుత్తగా వద్దు, టన్ను లెక్కన పెట్టుకోండి. కొట్టిన కర్ర పొలంలో ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది, నష్టపోయేది మీరే. కోత కూలీలు వచ్చే రోజూ లారీ వచ్చే రోజూ కలిసేలా చూడండి. కాటా దగ్గర మీ మనిషి ఉండాలి, ఖాళీ లారీ తూకం చీటీ కూడా అడిగి తీసుకోవాలి.

టేకు విషయంలో తమ్ముడి వైపే మొగ్గుతాను, కారణం మాత్రం వేరు. టేకు ధర చేవలో, అంటే లోపలి ముదురు చెక్కలో ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన చెట్టులో తెల్ల చెక్క ఇంకా చాలానే ఉంటుంది, చేవ ముదిరే కాలం ముందుంది. ఒక ఉదయం టేపు తీసుకెళ్లి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, వరుసకు ఒకటి చొప్పున చెట్ల చుట్టుకొలత రాయండి. దగ్గర దగ్గరగా నాటి ఉంటే సన్నవి, వంకరవి తీసేసి పలచన చేయాలి. అప్పుడే మిగిలినవి లావెక్కుతాయి. నాన్న నాటారని ఒక్కటీ తీయకపోతే అన్నీ కర్రలుగానే మిగులుతాయి. పలచనలో తీసినవాటికి పెద్ద ధర రాదు, ఆశ పెట్టుకోకండి. అసలు టేకు ధర గురించి మన ఊళ్లలో ఉన్న ఊహలు చాలావరకు 1990ల నాటి టేకు కంపెనీల బ్రోచర్ల నుంచి వచ్చినవే. ఆ స్కీముల్లో ఎందరో మునిగాకే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది.

ఇక పన్ను. నేల దున్ని, మొక్క నాటి పెంచిన చెట్ల ఆదాయం వ్యవసాయ ఆదాయమే. దానంతట అది మొలిచిన అడవి అయితే కాదు. రాజా బినోయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు 1957లోనే ఈ గీత గీసింది. అందుకే నర్సరీ బిల్లులు, కూలీ ఖర్చుల పుస్తకం దాచండి, అడంగల్‌లో (రెవెన్యూ వాళ్ల పంట రికార్డులో) సుబాబుల్, టేకు నమోదయ్యాయో చూడండి. వ్యవసాయ ఆదాయంపై నేరుగా పన్ను లేకపోయినా, అది 5,000 రూపాయలు దాటి మీ పెన్షన్ పన్ను పడని కనీస పరిమితికి మించితే, రేటు లెక్కలో కలిపి చూస్తారు, పెన్షన్‌పై పన్ను కొంత పెరగవచ్చు. వాటాల ప్రకారం ముగ్గురి ఖాతాల్లోకి డబ్బు విడివిడిగా వెళ్లడం, రెండు తోటలూ ఒకే ఆర్థిక సంవత్సరంలో కొట్టకపోవడం ఈ కోణంలోనూ మంచివే. మొత్తం అమ్మి డిపాజిట్ చేస్తే ఆ వడ్డీకి ఈ వెసులుబాటు లేదు, అది పన్ను ఆదాయమే. మీ వాటాలో పెళ్లి పోను మిగిలింది ఉంటే, అర్హత చూసుకుని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టండి. పరిమితి 30 లక్షలు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది.

చెల్లెలికి డబ్బు ఇప్పుడే కావాలంటే, టేకులో ఆమె వాటాకు వెల కట్టించి మీరు కొనుక్కోవచ్చు. విదేశంలో ఉంటున్న తమ్ముడు సాగుభూమి, తోట కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఒప్పుకోదు. ఆ ఒప్పందం రిజిస్టర్ అయ్యేదాకా వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకోకండి, వెయ్యి రూపాయలైనా సరే.