స్పేసర్లు, లోయరింగ్ స్ప్రింగులు: చలానా కట్టేస్తే సరిపోతుందా?

సందేహం: మాది నెల్లూరు. నా 2021 మోడల్ ఐ20 కారుకు చెన్నైలోని ఒక వర్క్‌షాపులో ముందు చక్రాలకు 15 ఎంఎం, వెనక చక్రాలకు 20 ఎంఎం స్పేసర్లు (చక్రానికీ అది బిగించే హబ్‌కూ మధ్య పెట్టే బిళ్లలు), బండిని 35 ఎంఎం కిందికి దించే స్ప్రింగులు వేయించాను. టైర్ల సైజు మార్చలేదు. మొన్న వెంకటాచలం టోల్‌గేటు దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపి 182ఎ(4) కింద చలానా రాశారు. వారంలో అవన్నీ తీయించి బండి తెచ్చి చూపించమన్నారు. ఆర్‌సీలో ఉన్న వివరం ఒక్కటీ మారలేదు కదా, ఈ చలానా చెల్లుతుందా? డబ్బు కట్టి ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చని స్నేహితులు అంటున్నారు, నిజమేనా? ఇన్సూరెన్స్ మాటేమిటి? 80 దాటితే స్టీరింగు వణుకుతోంది. వర్క్‌షాపు వాళ్లు ఫోను ఎత్తడం లేదు.
– ఒక పాఠకుడు

సలహా: చివర్లో రాసిన వణుకుడు సంగతి ముందు చూడండి. దాన్ని సరిచేయించే దాకా ఆ కారుతో హైవే ఎక్కవద్దు.

స్పేసర్ వేసిన తరువాత స్టీరింగు వణికితే సాధారణంగా చక్రం హబ్‌కు నడిమధ్యన కూర్చోలేదని అర్థం. మీ కారు హబ్ బోర్, అంటే చక్రం నడిమి రంధ్రం కొలత, 54.1 ఎంఎం. స్పేసర్ లోపలి రంధ్రం సరిగ్గా ఆ కొలతకే ఉండాలి, బయటి వైపు చక్రం కూర్చోవడానికి అదే కొలతలో అంచు ఉండాలి. చవక రకం స్పేసర్లలో ఈ అంచు ఉండదు. అప్పుడు చక్రాన్ని మధ్యలో పట్టి ఉంచే పని మొత్తం నాలుగు స్టడ్డుల (నట్లు బిగించే మర కడ్డీల) మీదే పడుతుంది. ఇంతకన్నా ప్రమాదం మర పట్టు తగ్గడం. 12 ఎంఎం స్టడ్డుకు నట్టు కనీసం 12 ఎంఎం లోతు పట్టాలి, అంటే 1.5 పిచ్ మరకు (ఒక్కో చుట్టుకు 1.5 ఎంఎం లోపలికి వెళ్లేది) 8 పూర్తి చుట్లు. పాత స్టడ్డుల మీదే 15, 20 ఎంఎం బిళ్ల తొడిగి నట్లు బిగించి ఉంటే ఆ పట్టు దొరకదు. ఈ మందానికి సొంత స్టడ్డులున్న బోల్ట్-ఆన్ రకమే వాడాలి. దాంట్లోనూ పాత స్టడ్డు కొస స్పేసర్ ముఖం దాటి బయటికి వస్తే చక్రం సమంగా ఆనదు. నట్లు ఎంత బిగించినా వదులవుతూనే ఉంటాయి. దగ్గర్లో తెలిసిన మెకానిక్ చేత చక్రం విప్పించి ఈ మూడూ చూపించండి, ఫొటోలు తీయండి. ఆ ఫొటోల అవసరం తరువాత వస్తుంది.

ఇక చలానా. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52(1) ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. మీ వాదనలో బలం లేకపోలేదు. ఆర్‌సీలో ఉండే వీల్‌బేస్ అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఉన్న దూరం, స్పేసర్‌తో అది మారదు. మారేది ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు, అది ఆర్‌సీలో ఉండదు. నేల నుంచి బండికి ఉండే ఎత్తూ ఉండదు. టైరు సైజు పాతదే.

అయితే 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) పరిధి సెక్షన్ 52 కన్నా విశాలం. విడిభాగాలు అదనంగా బిగించడంతో సహా, చట్టమూ నిబంధనలూ అనుమతించని రీతిలో బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్నది గమనించండి. స్పేసర్లు ఒకటి, స్ప్రింగులు ఒకటి అని లెక్కగడితే 10,000. ఏ నిబంధన ఈ మార్పును అనుమతించలేదో ప్రాసిక్యూషన్ చూపించాలని మీరు కోర్టులో వాదించవచ్చు. చలానా కట్టకుండా, నేరం ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా చెప్పి మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే హక్కు మీకుంది. కానీ స్టీరింగు వణికే బండితో ఆ వాదనకు దిగవద్దని నా సలహా. లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగీ, ప్రమాదకరమైన బండిని నడిపితే సెక్షన్ 190(1) విడిగా ఉంది. దానికి 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి నష్టం జరిగినా మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. వణుకుతోందని మీకు తెలుసని మీ ఉత్తరమే చెబుతోంది.

182ఎ(4) నేరాన్ని సెక్షన్ 200 కింద రాజీ రుసుము కట్టి అక్కడితో ముగించుకోవచ్చు. అలా ముగిసేది ఆ రోజు కేసు మాత్రమే. డబ్బు కట్టినంత మాత్రాన స్పేసర్లకు అనుమతి వచ్చినట్టు కాదు. మళ్లీ ఆపితే మళ్లీ చలానా.

వారం గడువును తేలిగ్గా తీసుకోవద్దు. బండి ప్రజలకు ప్రమాదకరంగా ఉందని భావిస్తే రిజిస్టరింగ్ అధికారి సెక్షన్ 53 కింద, లోపాలు సరిచేసే దాకా రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయవచ్చు. ముందు నోటీసిచ్చి మీ మాట వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు. ఒక్క స్పేసర్ల కారణంగా సెక్షన్ 207 కింద బండిని పట్టుకుని ఉంచే వీలు లేదు, ఆ సెక్షన్ లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ ఉల్లంఘనలకే. కానీ సస్పెన్షన్‌లో ఉన్న బండిని రోడ్డెక్కిస్తే అది సెక్షన్ 39 ఉల్లంఘన అవుతుంది, అప్పుడు 207 వర్తిస్తుంది.

ఆర్‌సీలో ఎక్కించడం గురించి మీ స్నేహితులు చెప్పింది నమ్మవద్దు. సీఎన్‌జీ కిట్టు, ఇంజిను మార్పిడి, దివ్యాంగుల కోసం బండిని మలచుకోవడం లాంటి వాటికి చట్టంలో దారి ఉంది. స్పేసర్లకూ స్ప్రింగులకూ ఆర్‌సీలో గడే లేదు. ఎవరైనా ఏజెంటు చేయిస్తానంటే ఆ డబ్బుకు రసీదు రాదు, పనీ కాదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఇన్సూరెన్స్. మీ బండి వల్ల అవతలివారు గాయపడినా, చనిపోయినా వారి పరిహారం విషయంలో కంపెనీకి సెక్షన్ 150 కింద ఉన్న సాకులు కొద్దే. బండికి మార్పులు చేయడం అన్నది నేరుగా ఆ జాబితాలో లేదు. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం మాత్రం ఉంది. స్పేసర్లు వేశాక రెన్యువల్ వచ్చి, ‘మార్పులు చేశారా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని టిక్కు పెడితే కంపెనీ చేతికి ఆ ఆయుధం మీరే ఇచ్చినవారవుతారు. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు చాలామంది ఆ ప్రశ్నను చదవకుండానే దాటేస్తున్నారు.

మీ సొంత కారు నష్టానికి లెక్క వేరు. బండిని సరైన స్థితిలో ఉంచాలన్నది పాలసీ షరతు. ఆగి ఉన్న మీ కారును లారీ వెనక నుంచి గుద్దితే స్పేసర్లకూ నష్టానికీ సంబంధం లేదని వాదించి నెగ్గవచ్చు. చక్రం ఊడి డివైడరుకు కొట్టుకుంటే ఆ వాదన నిలవదు. షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో కొంత భాగం ఇవ్వవచ్చని 2010లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. అది ఆఖరి ఆశ, దాని మీద ఆధారపడి బండి నడపకండి. ఇక ప్రాణం పోతే పోలీసులు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద కేసు పెడతారు, శిక్ష ఐదేళ్ల వరకు. సెక్షన్ 136 కింద బండిని పరీక్షించే అధికారి రిపోర్టులో స్పేసర్ల సంగతి తప్పక వస్తుంది.

కాబట్టి రెండూ తీయించండి. స్ప్రింగులను ఉంచుకోవాలన్న ఆశ ఉంటుంది, తెలుసు. పాత షాక్ అబ్జార్బర్ల మీద 35 ఎంఎం దించితే వాటి కదలికలో అంత భాగం పోయినట్టే. ఐదుగురు ఎక్కి స్పీడు బ్రేకరు దాటితే బంప్ స్టాపు (కదలిక చివర అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మ) మీద కొడుతుంది, త్వరలో షాకుల నుంచి నూనె కారుతుంది. క్యాంబర్, టో (చక్రం నిలువు వాలు, ముందుకు చూసే కోణం) మారి టైరు లోపలి అంచు అరుగుతుంది, బయటి నుంచి చూస్తే కనపడదు. మైపాడు వైపు ఉప్పుగాలికి అల్యూమినియం స్పేసర్ హబ్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. సుత్తితో బాదనివ్వకండి, బేరింగు దెబ్బతింటుంది. హబ్ ముఖం బ్రష్షుతో శుభ్రం చేయించి, ఓనర్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితోనే నట్లు బిగించి, 100 కిలోమీటర్ల లోపు మళ్లీ సరిచూడాలి. వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి. జాబ్ కార్డు, జీఎస్‌టీ బిల్లు తీసుకుని, బండి చూపించిన రోజున తనిఖీ చేసినట్టు రాసిచ్చిన కాగితం అడగండి.

చెన్నై వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సరిపడని స్పేసర్ బిగించడం సేవలో లోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. మీరు కట్టిన డబ్బు, విప్పించిన ఖర్చు, పాడైన టైర్ల ధర అడగండి. చలానా సొమ్ము మాత్రం అడగవద్దు, మార్పు కోరింది మీరే గనుక అది నిలవదు. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు, వాట్సాప్ సందేశాలు, మెకానిక్ తీసిన ఫొటోలు సాక్ష్యంగా పనికొస్తాయి. తీసేసిన స్పేసర్లు పారేయకుండా దాచండి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.